ఏ అమ్మ భాషను కడిగేస్తారు?

మన యూనివర్సిటీల్లో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు తయారుచేసే పెద్దల మనసులో ఒక విద్యార్థి ఉంటాడు. వాడి పేరు రమేషో సురేషో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, అదీ పుస్తకాల తెలుగు. నాన్న ఉద్యోగి. ఇంటికి ఇంగ్లీషు పేపరు వస్తుంది. గ్రామరు వచ్చు, నలుగురిలో నోరు తెరవడానికే కాస్త బెరుకు. నలభై గంటల పాటు కాస్త ధైర్యం, కాస్త ఉచ్చారణ, కాస్త ఇంటర్వ్యూ మర్యాద నేర్పితే వాడు గట్టెక్కుతాడు. సిలబస్ అంతా వాడి కోసమే రాస్తారు.

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఇన్నేళ్లలో ఆ రమేషు నా క్లాసులో కనబడలేదు. వాడెప్పుడో కార్పొరేట్ కాలేజీకి, అక్కణ్నుంచి అమెరికాకు వెళ్లిపోయి ఉంటాడు. నా ముందు కూర్చునేవాళ్లు వేరు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, బడిలో కితాబీ ఉర్దూ, మసీదు పక్క మదర్సాలో అర్థం తెలియకుండా చదివిన అరబ్బీ, డిగ్రీలో ఇంగ్లీషు... ఇన్ని భాషల మధ్య నడిచొచ్చిన పిల్లాడు ఒకడు. బహుభాషావేత్త అని శాలువా కప్పాల్సినవాడికి 'లాంగ్వేజ్ వీక్' అని రిమార్కు. వాడి పక్కన గుంటూరు వైపు నుంచి వచ్చిన నూర్‌బాషా అమ్మాయి. వాళ్లింట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. అయినా పేరు చూసి హాజరుపట్టీలో మాతృభాష గడిలో ఉర్దూ అని రాసేశారు. ఆ పిల్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. వెనక బెంచీలో తండా నుంచి వచ్చిన లంబాడా పిల్లాడు, ఇంట్లో గోర్ బోలీ. ఆ వెనక మాదిగవాడ నుంచి వచ్చిన పిల్ల. తెలుగే ఆమె మాతృభాష. కానీ ఆ తెలుగు కూడా మోటుదేనని స్కూల్లోనే తేల్చేశారు.

వీళ్లలో ఒక్కరికైనా సరిపోయేలా సిలబస్ రాశారా అన్నదే నా తగాదా.

ఈ కోర్సుల్లో ఒక మాట బాగా చెలామణీ అవుతుంది. ఎంటీఐ. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. కాల్ సెంటర్ల ట్రైనింగ్ గదుల్లో బాగా పలికిన మాట, ఇప్పుడు యూనివర్సిటీ కాగితాల్లోకీ దిగింది. దాన్ని రోగం పేరులా పలుకుతారు. "ఈ అబ్బాయికి ఎంటీఐ ఎక్కువుందండీ" అంటారు, బీపీ ఎక్కువుంది అన్నట్టు. ఎంటీఐ తగ్గించడం కోర్సు లక్ష్యమని మొదటి పేజీలోనే రాసుకుంటారు. సరే, తగ్గించండి. ఏ మాతృభాష ప్రభావాన్ని? ఏ అమ్మ భాషను? ఆ గదిలో ఎన్ని అమ్మ భాషలు కూర్చున్నాయో ముందు లెక్కపెట్టారా?

లెక్కపెట్టరు. మాతృభాష అంటే తెలుగేనని ముందే అనుకున్నారు కాబట్టి. దాని ఫలితం ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో చూడండి.

ఉచ్చారణ పాఠాల్లో మొదట వచ్చేది 'జూ', 'జీరో', 'జిప్' అభ్యాసం. తెలుగులో ఆ శబ్దం లేదు, దానికి అక్షరమూ లేదు. ఇక్కడ అచ్చేసేటప్పుడు కూడా నాకు 'జ' తప్ప దిక్కులేదు. కాబట్టి తెలుగు పిల్లలు దాన్ని తడుముకుంటారు. న్యాయమే, వాళ్లకు ఆ అభ్యాసం కావాలి. కానీ జరీనాకెందుకు? ఆ శబ్దం ఆమె పేరులోనే ఉంది. పుట్టిన రోజు నుంచి అమ్మీ నోట వింటోంది. జమీన్, బాజార్, నమాజ్, రోజా... ఇంట్లో ఆ శబ్దం లేని పూట లేదు. బళ్లో చేరాకే ఆమె పేరు 'జడ'లో 'జ'గా మారింది. పదిహేనేళ్లు ఆ శబ్దాన్ని ఆమె పేరులోంచి తుడిచేసి, ఇప్పుడు డిగ్రీలో ల్యాబులో కూర్చోబెట్టి, ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి తెచ్చామంటూ తిరిగి నేర్పుతున్నారు! ఆ గదిలో టీచరుతో సహా అందరికంటే బాగా పలకగలిగేది ఆమే. ఆ సంగతి టీచరుకు తెలియదు. ఆమెకూ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, తను ఇంగ్లీషులో వీక్.

ఇంకొకటి. తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, రోడ్డు, బుక్కు అంటాం. చివరి 'ఉ' తీసేయమని సిలబస్ పోరుతుంది. దక్కనీ మాట్లాడే పిల్లలకు ఆ 'ఉ' మొదట్నుంచీ లేదు. వాళ్ల ఇబ్బంది మాట మొదట్లో. ఇస్కూల్, ఇస్టేషన్, ఇస్టూల్. 'స'తో హల్లు కలిసి వస్తే ముందొక 'ఇ' పెట్టుకోకుండా మా గల్లీల్లో చాలామందికి నోరు తిరగదు. సిలబస్‌లో ఈ 'ఇ' ఊసు ఉండదు. పిల్లాడు 'ఇస్కూల్' అన్నప్పుడు క్లాసంతా నవ్వుతుంది. టీచరు కూడా నవ్వుతాడు. 'బస్సు' అన్నవాణ్ని చూసి ఎవరూ నవ్వరు. అది అందరి తప్పు కాబట్టి తప్పు కాదు. ఇదీ మైనారిటీ అంటే. అంకెల్లో తక్కువ ఉండటంతో అయిపోలేదు. ఒకే రకం తప్పుకు ఒకరికి పాఠం, ఇంకొకరికి నవ్వు.

శబ్దాల్లో వేరు వేరుగా ఉన్నాం గానీ, వాక్యం కట్టే తీరులో తెలుగుకూ దక్కనీకీ ఉన్న పొత్తు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఈ రెండు భాషలూ కొన్ని వందల ఏళ్లు ఒకే బావి నీళ్లు తాగాయి. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలోనే. తెలుగులో 'అని' ఏ పని చేస్తుందో దక్కనీలో 'బోల్కే' ఆ పని చేస్తుంది. అన్న రేపు వస్తానని చెప్పాడనుకోండి. తెలుగు పిల్ల "నేను రేపు వస్తానని చెప్పాడు" అంటుంది. దక్కనీ పిల్లాడు "మై కల్ ఆతూఁ బోల్కే బోల్యా" అంటాడు. ఇద్దరి వాక్యాల్లోనూ 'నేను' అంటే అన్నే. మాట్లాడుతున్న మనిషి కాదు. ఇక ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగితే "హీ టోల్డ్ ఐ విల్ కమ్ టుమారో" అంటారు. ఇంగ్లీషువాడికి దాని అర్థం మాట్లాడుతున్న మనిషే వస్తుందని! వచ్చేదెవరో మారిపోయింది. పోలీస్ స్టేషన్లోనో, బ్యాంకులోనో, ఆసుపత్రిలో డాక్టరుకు రోగి మాట చెప్పేటప్పుడో ఇలా మారిపోతే ఎంత ముప్పు!

ఇది నేర్పాల్సిన పాఠం. నల్లబల్ల మీద మూడు వాక్యాలు పక్కపక్కన రాస్తే చాలు, తెలుగుది, దక్కనీది, ఇంగ్లీషుది. ముప్పావు గంటలో పిల్లలకు అర్థమవుతుంది. అంతకంటే ముఖ్యంగా ఇంకోటి అర్థమవుతుంది. తమ తప్పు మొద్దుతనంలోంచి రాలేదనీ, తమ భాషకున్న ఒక చక్కటి నియమంలోంచి వచ్చిందనీ. నేను చూసిన సిలబస్ కాగితాల్లో ఈ మూడు వాక్యాల పాఠం లేదు. 'రిపోర్టెడ్ స్పీచ్' అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద ఇన్వర్టెడ్ కామాలు తీసేయుము, టెన్సు మార్చుము అని సూత్రాలు ఉంటాయి. ఏ భాష మనిషికైనా ఒకటే మందు.

'మేం', 'మనం' సంగతీ అంతే. తెలుగుకు రెండున్నాయి. మా దక్కనీకీ ఉన్నాయి, 'హమ్' ఒకటి, 'అపన్' ఒకటి. ఎదుటివాణ్ని కలుపుకుంటే అపన్, వదిలేస్తే హమ్. ఇంగ్లీషులో ఒక్క 'వియ్'తోనే సరిపెట్టుకోవాలి. అందులో ఎదుటివాడు ఉన్నాడో లేడో తర్వాతి మాటల్ని బట్టి పట్టుకోవాలి. పిల్లలకు దీని మీద ఒక గంట చర్చ పెట్టి చూడండి, ఎంతమంది నోళ్లు తెరుచుకుంటాయో. ఈ దేశంలో ఎవరైనా వేదికెక్కి 'మనం' అన్నప్పుడల్లా అందులో మేం ఉన్నామా లేమా అని చెవి రిక్కించి వినడం మాకు చిన్నప్పుడే అలవాటైన వ్యాకరణం. మాట్లాడటానికి విషయం లేక పిల్లలు మూగగా కూర్చుంటారని ఎవరన్నారు?

ఇక నిమిషాల లెక్కకు వద్దాం. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను. క్లాసులో అరవై మంది. పీరియడ్ యాభై నిమిషాలు. అందులో టీచరు సగం మాట్లాడాడనుకుందాం (సగంతో ఆపే టీచరు దొరికితే దండం పెట్టాలి). మిగిలింది ఇరవై ఐదు నిమిషాలు, అంటే 1500 సెకన్లు. అరవై మందికి పంచితే తలా 25 సెకన్లు. కోర్సు మొత్తం నలభై పీరియడ్లు. అంటే ఒక్కో విద్యార్థికి కోర్సు మొత్తంలో మాట్లాడటానికి దొరికేది 1000 సెకన్లు. పదహారు నిమిషాల నలభై సెకన్లు. అదీ సమానంగా పంచితే! సమానంగా ఎప్పుడు పంచారు గనక? ముందు బెంచీవాళ్లు ఆ నిమిషాలు తినేస్తారు. బుర్ఖాలో వచ్చిన పిల్లకు, తండా పిల్లాడికి కోర్సు ముగిసేసరికి "ఎస్ మేడమ్", "నో సార్" మిగులుతాయి. పదహారు నిమిషాల్లో ఎవరైనా ఏ భాషైనా నేర్చుకున్నారా?

అదే ఇరవై ఐదు నిమిషాలు పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరితో ఒకరిని మాట్లాడుకోమనండి. గదిలో ముప్పై మంది ఒక్కసారే మాట్లాడుతుంటారు. ఒక్కొక్కరికి పీరియడ్‌కు పన్నెండున్నర నిమిషాలు. నలభై పీరియడ్లకు 500 నిమిషాలు, ఎనిమిది గంటల పైమాట. పదహారు నిమిషాలెక్కడ, ఎనిమిది గంటలెక్కడ! దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు, ఫారిన్ నుంచి నిపుణుడు రానక్కర్లేదు. బెంచీలు కాస్త జరపాలి. కానీ గదిలో గోల అవుతుంది. గోల అయితే పై అధికారి వరండాలో ఆగి తొంగిచూస్తాడు. "క్లాస్ కంట్రోల్ లేదేంటి?" అంటాడు. మాట్లాడటం నేర్పే క్లాసు నిశ్శబ్దంగా ఉండాలట!

గోల రాకూడదనే ల్యాబులు కట్టించారు. ఒక్కో పిల్లాణ్ని ఒక్కో గూట్లో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, యంత్రం పలికింది పలకమంటారు. యంత్రం వీళ్లను ఏమీ అడగదు. వీళ్ల మాటకు ఆశ్చర్యపోదు, ఎదురు చెప్పదు, "ఏమన్నావ్, మళ్లీ చెప్పు" అనదు. ఎదుటి మనిషికి అర్థం కాకపోతే మరో దారిలో చెప్పి చూడటమే కదా సంభాషణంటే. ల్యాబు పనికిరాదని నేననను. వినడానికి మంచిదే. కానీ సంభాషణకు మనిషి కావాలి. మా కాలేజీల్లో పుష్కలంగా ఉన్నది మనుషులే.

పరీక్ష మాట చెబితే బయటివాళ్లు నమ్మరు. స్పోకెన్ ఇంగ్లీషుకు చాలాచోట్ల మార్కుల్లో పెద్ద వాటా రాత పరీక్షదే. ఇంగ్లండు ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులున్నాయి, ఇరవై అచ్చులు, ఇరవై నాలుగు హల్లులు. వాటి గుర్తులు బట్టీ పట్టి, మాటల్ని ఆ గుర్తుల్లోకి మార్చి రాయాలి. గట్టు మీద కూర్చోబెట్టి ఈత పరీక్ష పెట్టడం ఇదే. బట్టీలో దిట్టలైనవాళ్లు నోరు విప్పకుండానే స్పోకెన్ ఇంగ్లీషులో ఫస్టు క్లాసు కొట్టేస్తారు. నోరున్న పిల్లాడు, ఆటో స్టాండులో ఢిల్లీవాడితోనూ కేరళవాడితోనూ బేరమాడి మెప్పించగల పిల్లాడు ఫెయిలవుతాడు.

వేరే దారి లేదా అంటే, దక్షిణాదిలోనే చేసి చూపించారు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు, ఆయన సహచరులు బెంగళూరు ప్రాజెక్టు నడిపారు. మామూలు బడులు, మామూలు పిల్లలు. గ్రామరు సూత్రాలు ముందు చెప్పకుండా పిల్లల ముందు పని పెట్టారు. ఇదిగో రైళ్ల టైం టేబులు, ఏ బండి ఎక్కితే ఎప్పుడు చేరతావో చెప్పు. ఇదిగో పటం, దారి చెప్పు. పని మీద మనసు పెడితే భాష వెనకాలే వస్తుందని ఆయన వాదన. 1987లో పుస్తకం కూడా రాశారు. ప్రపంచమంతా ఆ పుస్తకాన్ని చదివింది. మన సిలబస్ కమిటీల్లో ఆ మాట వినబడిన గుర్తు నాకు లేదు. మార్కులు కూడా అలాగే వేయొచ్చు. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి దగ్గరున్న సమాచారం మరొకరికి అవసరమయ్యేట్టు చూడాలి. సమాచారం ఇటునుంచి అటు చేరిందా, మార్కు. చేరలేదా, ఎక్కడ ఆగిపోయిందో అది రేపటి పాఠం. 'ఇస్కూల్' అన్నాడని మార్కు కోయడానికి అందులో జాగా లేదు.

ఇంతకీ ఈ పిల్లలు రేపు ఎవరితో ఇంగ్లీషు మాట్లాడతారు? సిలబస్ లెక్క ప్రకారం లండన్ దొరతో. నిజంగా? మా గల్లీల్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి. జెద్దాలో, దుబాయ్‌లో, దోహాలో వాళ్ల సూపర్‌వైజరు ఈజిప్టువాడు, పక్క కుర్చీ ఫిలిప్పీన్స్ అమ్మాయిది, స్టోరు కీపరు మలయాళీ. వీళ్లంతా ఇంగ్లీషులోనే పని నడిపిస్తారు. దొర ఉచ్చారణ వాళ్లలో ఎవరికీ లేదు, ఎవరూ అడగరు. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ అనే ఇంగ్లీషు పండితురాలు ఈ సంగతి మీదే పుస్తకం రాసింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఏ శబ్దం చెడితే అర్థం చెడుతుంది, ఏది చెడినా ఫర్వాలేదు అని చూసింది. 'థింక్'లో మనం పలికే 'థ'తో ప్రమాదమేమీ లేదంది. అచ్చుల హ్రస్వదీర్ఘాలు చెడితేనూ, వాక్యంలో నొక్కాల్సిన మాటను నొక్కకపోతేనూ ముప్పంది. హల్లును మింగేయడం కంటే మధ్యలో అచ్చు చేర్చడం నయమంది. మా 'ఇస్టేషన్‌'కు ఇంగ్లండు నుంచి అభయం దొరికింది, హైదరాబాద్ నుంచి దొరకలేదు!

హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో ఇక్కడ ఒక కేంద్ర సంస్థ పెట్టారు. తర్వాత అది సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడే ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఎదుటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో శాస్త్రీయంగా పరీక్షించారు. జె.బి. హారిసన్‌తో కలిసి 'స్పోకెన్ ఇంగ్లిష్ ఫర్ ఇండియా' రాశారు. అంటే అర్థమవడమే కొలబద్ద కావాలన్న ఆలోచన ఈ ఊళ్లోనే యాభై ఏళ్ల కిందట పుట్టింది. అదే ఊళ్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. డాక్టర్లూ ఇంజనీర్లూ ఉర్దూలో చదివారు. ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. ఇంటి దగ్గరి భాషలో శాస్త్రం, పక్కనే ఇంగ్లీషు. 1948 తర్వాత బోధనా భాష ఇంగ్లీషుకు మారింది. ఆనాటి ఏర్పాటు గొప్పదని పాడటం నా ఉద్దేశం కాదు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది జనం భాష తెలుగు, వాళ్లకు ఉర్దూ చదువు ఎంత పరాయిదో నాకు తెలుసు. రైతుబిడ్డకు అప్పుడు జరిగింది ఇప్పుడు మా పిల్లలకు జరుగుతోందంటే వాళ్లకే ముందు అర్థం కావాలి.

సాఫ్ట్ స్కిల్స్ అని ఇంకోటి తగిలించారు. ఈ పేరు కింద జరిగేది భాషాబోధన కంటే వేషం మార్పిడే ఎక్కువ. కళ్లలోకి చూడు, గట్టిగా చేయి కలుపు, గడ్డం నున్నగా ఉండాలి, ఇంటర్వ్యూకు బుర్ఖా వద్దు. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే చెప్పాల్సిన జవాబు ముందే అచ్చేసి ఇస్తారు. హాబీలు, బలాలు, బలహీనతలు. పంక్చర్ల దుకాణం నాన్న ఆ జవాబులో ఉండడు. బీడీలు చుట్టే అమ్మీ ఉండదు. బస్తీ పేరు చెప్పొద్దు, పక్కనున్న కాలనీ పేరు చెప్పు అని సలహా ఇచ్చిన ట్రైనరు నాకు తెలుసు. మంచివాడే, పిల్లలకు ఉద్యోగాలు రావాలనే తాపత్రయం. కానీ ఆ పిల్లాడు ఆ రోజు నేర్చుకున్నది ఇంగ్లీషా, సిగ్గుపడటమా?

ఇంకా పెద్ద మోసం ఒకటుంది. ఈ కోర్సుల్లో జవాబులు చెప్పడమే నేర్పుతారు. అడగడం నేర్పరు. 'మే ఐ', 'కుడ్ యూ ప్లీజ్' దాకానే వీళ్ల ప్రశ్నలు. మా పిల్ల ఫోను చేసి అద్దెకు ఇల్లు ఖాళీ ఉందా అంటుంది, ఉందంటారు. పేరడుగుతారు. పేరు చెప్పగానే "సారీ, ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. ఎంత చక్కటి ఇంగ్లీషు మాట్లాడినా ఆ ఇల్లు దొరకదు. కానీ "ఒక నిమిషం కిందట ఖాళీ అన్నారు కదా, ఇప్పుడేం మారింది?" అని అవతలివాడు తడబడేట్టు అడగడానికి భాష కావాలి. దరఖాస్తు ఎందుకు తిప్పి పంపారో రాతపూర్వకంగా ఇమ్మనడానికి భాష కావాలి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది, దాన్ని పట్టుకుని ఆఫీసరును నిలదీయడానికి భాష కావాలి. ఒప్పుకోకపోవడం, ఫిర్యాదు చేయడం, కాదనడం... ఇవి కూడా మాట్లాడటమే. ఏ యూనిట్లో ఉన్నాయి ఇవి?

ఇదంతా వింటే ఇద్దరు సంతోషపడతారు, ఇద్దరికీ ముందే చెబుతున్నా. ఒకరు మాతృభాషా ప్రేమికులు. చూశారా, ఇంగ్లీషు మోజు వద్దని మేం మొదట్నుంచీ అంటూనే ఉన్నాం అంటారు. అయ్యా, మీ మనవలు న్యూజెర్సీలో ఉన్నారు. మా పిల్లలకు ఇంగ్లీషు కావాలి. సావిత్రీబాయి ఫూలే 1854 నాటికే ఇంగ్లీషు నేర్చుకోమని అణగారినవాళ్లకు కవితల్లో చెప్పింది. ఇంగ్లీషు వద్దని నేనెక్కడా అనలేదు, రానివ్వని కోర్సు వద్దంటున్నా. రెండోవాళ్లు మా ఉర్దూ పెద్దలు. మన జబాన్‌కు అన్యాయం జరిగిందని షేర్వానీ సర్దుకుంటారు. దక్కనీ మాట్లాడిన పిల్లాణ్ని "పహలే ఉర్దూ తో సీఖో" అని ఎగతాళి చేసేది మీరే కదా హజ్రత్? మా పిల్లాడు 'ఖాఫ్‌'ను 'ఖ' అన్నాడని లక్నో త్రాసులో తూచింది మీరే. 1837లో కంపెనీవాడు కోర్టుల్లోంచి ఫార్సీ తీసేశాడని మీ తాతలు ఏడ్చారు. మా దూదేకుల ఇళ్లకు, కసాబుల ఇళ్లకు, నేతపనివాళ్ల ఇళ్లకు ఫార్సీ ఎప్పుడొచ్చింది గనక, పోవడానికి? సిలబస్ కమిటీలో రమేషు బదులు ఒక నవాబ్‌జాదాను కూర్చోబెడితే మాకు ఒరిగేదేమీ లేదు. నూర్‌బాషా అమ్మాయి మాతృభాష గడిలో ఉర్దూ అని రాస్తుంటే మెచ్చుకునేదీ మీరే!

ఈ మధ్య ఒక యూనివర్సిటీలో కొత్త కోర్సు ముసాయిదా మీద అభిప్రాయం చెప్పమన్నారు. ముప్పై పేజీలు. చివర బాగా బరువైన పుస్తకాల జాబితా. పిల్లల ఇళ్లలో ఏ భాషలు మాట్లాడతారన్న దాని మీద ఒక్క వాక్యం లేదు. ఆ సంగతి అడిగితే "అది సోషియాలజీ కదండీ, మనది లాంగ్వేజ్" అన్నారు.

కాబట్టి ముసాయిదాను పక్కన పెట్టి ఒక పని చేయమని రాసిచ్చాను. మొదటి పీరియడ్‌లో అరవై మందికీ తెల్ల కాగితాలు పంచండి. అమ్మతో ఏ భాషలో మాట్లాడతావు? తిట్టేది ఏ భాషలో? లెక్కలు కట్టుకునేది ఏ భాషలో? ఇంగ్లీషు వస్తే మొట్టమొదట ఎవరితో మాట్లాడతావు, ఏం చెబుతావు? ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, ఏ లిపిలో కావాలంటే ఆ లిపిలో రాయనివ్వండి. చదవడం రాకపోతే ఆ పిల్లల్నే పిలిచి చదివించుకోండి, ఆ రోజు వాళ్లు మాట్లాడినట్టూ ఉంటుంది. ఆ అరవై కాగితాలు ముందు పెట్టుకుని రెండో పీరియడ్ ఏం చెప్పాలో అప్పుడు రాయండి.